ఒడ్డు మీది టేకు, కొట్టంలోని దూలాలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో మా తాతల నాటి పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో కొత్త ఇల్లు కడుతున్నాం. ఇరవై రెండేళ్ల కింద మా నాన్న పొలం ఒడ్ల మీద నలభై టేకు మొక్కలు పెట్టారు. ‘బిడ్డ ఇల్లు కట్టేనాటికి దర్వాజలకు వస్తాయి’ అని అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. చెట్లు ఇప్పుడు ఛాతీ ఎత్తున మూడడుగుల చుట్టుకొలత ఉన్నాయి. కానీ మా వడ్ల ఆయన (వడ్రంగి) ‘ఇది పిల్ల టేకు, పనికిరాదు, చెట్లు అమ్మేసి డిపోలో బర్మా టేకు కొనుక్కోండి’ అంటున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాన్న ఇంటి సంగతే మాట్లాడడం లేదు. మాఘంలో దర్వాజ ఎత్తడానికి ముహూర్తం పెట్టుకున్నాం. నాలుగు గదుల తలుపులు, ఆరు కిటికీలు, పెద్ద దర్వాజ కావాలి. పాత ఇంటి దూలాలు, వాసాలు కొట్టంలో పడేశాం, పొయ్యిలోకి వాడుతున్నారు. మా టేకు నిజంగా పనికిరాదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, మిగతాది తర్వాత చదవవచ్చు. ముందు ఇంటికి ఫోన్ చేసి, కొట్టంలో ఉన్న పాత దూలాలను పొయ్యిలో పెట్టొద్దని చెప్పండి. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. మాఘంలో మీకు కావలసిన దర్వాజ కర్ర బహుశా ఆ కొట్టంలోనే ఉంది.

ఇక మీరు అడిగిన మాట. మీ నాన్నగారి టేకు పనికొస్తుంది. అయితే మీ వడ్ల ఆయన మాట కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఆయన చెట్టు వయసు చూసి మాట్లాడుతున్నాడు. మీరు చూడాల్సింది చెట్టులో ఎంత చేవ పట్టింది, ఆ కర్ర ఎంత ఆరింది, దాన్ని ఇంట్లో ఎక్కడ వాడుతున్నారు అన్న మూడు సంగతులు.

టేకు దుంగను అడ్డంగా కోసిన ముఖం చూడండి. బెరడు కింద చుట్టూ తెల్లగా, లేత పసుపుగా ఒక పట్టీ ఉంటుంది. దాని లోపల బంగారు రంగుకు తిరిగిన భాగం ఉంటుంది. అదే చేవ. తెల్ల చెక్క చెట్టుకు నీళ్లు మోస్తుంది, తిండి దాచుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి పొరలు ఆ పని మానేసి, నూనెలాంటి పదార్థాలతో నిండి చేవగా మారతాయి. టేకుకు ఉన్న పేరంతా ఈ చేవ తెచ్చిపెట్టిందే. ఇందులో ఉండే టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలకు గిట్టదు. రబ్బరు లాంటి మరో పదార్థం నీళ్లను అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. చేవకు కొత్తగా రందా పడితే చేతికి జిడ్డుగా తగలడం, పాత తోలు వాసన రావడం వీటివల్లే. తెల్ల చెక్కలో ఈ కాపుదల లేదు. పైగా చెట్టు దాచుకున్న పిండి పదార్థం అందులోనే ఉంటుంది కాబట్టి పుప్పి పురుగు అక్కడే చేరుతుంది. చెట్టు వయసు ఇరవై ఏళ్లయినా నూరేళ్లయినా తెల్ల చెక్క తీరు ఇంతే.

ఈ సంగతి నాకు బాగా నష్టపోయాక వంటబట్టింది. నేను ముప్పై ఏళ్లు సామిల్లు నడిపాను, అంతకుముందు మా నాన్న దగ్గర ఉలి పట్టాను. అయినా ఒకసారి పెళ్లి పనుల తొందరలో, మా పెరటి గుమ్మానికి ఒక డిపోలో సిద్ధంగా ఉన్న ద్వారబంధం కొన్నాను. ముదురు రంగు, పైన మెరుగు, చూడ్డానికి చక్కగా ఉంది. గీకి చూడలేదు. నాలుగేళ్లకు గడప దగ్గర సన్నటి పిండి రాలడం మొదలైంది. చిత్రిక పట్టి చూస్తే సగానికి సగం తెల్ల చెక్క. చేవలా కనిపించాలని రంగు పూశారు. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. మెరుగు పెట్టిన కర్ర కొనకండి. కోసిన ముఖం చూపించమనండి, ఒక మూల గీకి లోపలి రంగు చూడండి.

ఇప్పుడు బర్మా టేకు సంగతి. బర్మా అడవుల్లో వందేళ్లు నిదానంగా పెరిగిన టేకు గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఈ రోజు డిపోలో ‘బర్మా’ అని చెప్పే ప్రతి దుంగ వెనుక కాగితాలు అడగండి. మన రేవుల్లో దిగే టేకులో చాలా భాగం ఘనా, నైజీరియా, టాంజానియా, ఈక్వెడార్, పనామా లాంటి దేశాల తోటల్లో పెరిగినది. టేకు సహజంగా పెరిగేది మన దేశంలో, మయన్మార్‌లో, థాయ్‌లాండ్‌లో, లావోస్‌లో మాత్రమే. మిగతా చోట్లకు ఇక్కడి విత్తనమే వెళ్లింది. ఆ తోటల చెట్లలో చాలావాటిని పదిహేను నుంచి పాతికేళ్ల మధ్యే కొడతారు. అంటే మీ నాన్నగారి చెట్లను పిల్ల టేకు అని పక్కన పెట్టి, అదే వయసు టేకును ఓడలో తెప్పించుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొనే ప్రమాదం ఉంది. ఇంకో జాగ్రత్త. ‘ఆఫ్రికన్ టేకు’, ‘బ్రెజిల్ టేకు’ అన్న పేర్లతో ఇరోకో, కుమారు లాంటి వేరే జాతుల కర్ర కూడా అమ్ముతారు. అవి చెడ్డవి కావు, కానీ టేకు కావు. టేకు ధర పెట్టి కొనాల్సిన పని లేదు.

పిల్ల టేకు అన్న చెడ్డపేరు, నా అంచనాలో, 1990ల్లో గట్టిపడింది. అప్పట్లో మొక్కకింత అని డబ్బు కట్టించుకుని, కొన్నేళ్లలో లక్షలు తిరిగి ఇస్తామన్న టేకు కంపెనీలు ఊరూరా తిరిగాయి. చాలామంది డబ్బు పోగొట్టుకున్నారు. చివరికి 1999లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అలాంటి పథకాలకు నిబంధనలు తేవాల్సి వచ్చింది. వేళ్ల సందున పట్టేంత లావు చెట్లను కొట్టి అమ్మితే అందులో చేవ ఎక్కడిది? మీ పొలంలో ఉన్నవి అలాంటివి కావు. మూడడుగుల చుట్టుకొలత అంటే అడ్డకొలత పదకొండు అంగుళాల పైమాటే. మొదటి దుంగలో చెప్పుకోదగ్గ చేవ ఉండాలి.

బలం సంగతికి వస్తే, ఇరవై ఏళ్లు దాటిన తోట టేకు బలంలో ముదురు టేకుకు పెద్దగా తీసిపోనక్కర్లేదని కేరళలోని పీచీ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు పరీక్షించి చెప్పారు. తేడా వచ్చేది మన్నికలో, రంగులో. నీళ్లు బాగా అందే చోట వేగంగా పెరిగిన చెట్టు చేవలో ఆ నూనెలు తక్కువ పట్టే అవకాశం ఉంది, రంగు కూడా పాలిపోయినట్టు ఉంటుంది. మీ పొలానికి కాలువ నీళ్లు వచ్చేట్టయితే కాలువ పక్కన ఉన్న చెట్లను, మెరక ఒడ్డు మీది చెట్లను వేరువేరుగా చూసుకోండి. ఏ చెట్టు ఎక్కడ ఎలా పెరిగిందో మీ నాన్నగారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కొట్టాల్సిన చెట్లు ఆయననే ఎంచమనండి. మెరక మీద పెరిగి, నిటారుగా, కింది పది అడుగుల్లో కొమ్మలు లేనివి ముందు. ఒడ్డు మీది చెట్టుకు అన్ని వైపులా వెలుతురు తగులుతుంది కాబట్టి కింది నుంచే కొమ్మలు వేస్తుంది, ఆ కొమ్మ మొదళ్లే కర్రలో ముడులవుతాయి. మీ వడ్ల ఆయన విసుక్కునేది వీటి గురించే అయి ఉంటుంది. అది న్యాయమైన విసుగు.

ఎందుకని అందరూ టేకు టేకు అంటారో కూడా చెబుతాను. టేకు మరీ బరువు కర్ర కాదు. ఆరిన టేకు ఘనపుటడుగు పద్దెనిమిది, పంతొమ్మిది కిలోలు తూగుతుంది. నల్లమద్ది ఇరవై నాలుగు దాకా వస్తుంది. శ్రీకాకుళం వైపు గుగ్గిలం చెట్టు అంటారే, ఆ సాల్ కర్ర బలంలో టేకును మించుతుంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ మన దేశపు కలపలను పోల్చేటప్పుడు టేకును 100గా పెట్టుకుని మిగతావాటికి అంకెలు ఇచ్చింది. బలంలో 100 దాటినవి ఉన్నాయి. కానీ వానకు, ఎండకు తన ఆకారం తాను నిలుపుకోవడంలో టేకు దరిదాపులకు వచ్చేవి చాలా తక్కువ. తలుపుకు కావలసింది అదే. దూలానికి మద్ది చాలు. రోజుకు ఇరవైసార్లు తీసి వేసే తలుపు వానాకాలంలో ఉబ్బి పట్టేయకుండా, ఎండాకాలంలో సందులు పడకుండా ఉండాలంటే టేకు కావాలి. ఓడలకు టేకును కోరుకున్నదీ ఇందుకే. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ రెండు వందల ఏళ్లు దాటినా ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో నేటికీ నీళ్ల మీద తేలుతూ ఉంది. మాది గోదావరి ఒడ్డు. పై అడవుల్లో కొట్టిన టేకును తెప్పలుగా కట్టి రాజమండ్రి దాకా నీటి మీద దింపేవారని మా తాత చెబుతుండేవాడు.

ఇప్పుడు అసలు కష్టం. మీ ముహూర్తం మాఘంలో ఉంది. ఈ రోజు కొట్టిన చెట్టు మాఘానికి ఆరదు. పచ్చి టేకు నీళ్లలో సరిగా తేలను కూడా తేలదు, అంత నీరు ఉంటుంది అందులో. బర్మాలో చెట్టు మొదట్లో చుట్టూ గాటు పెట్టి, నిలబడి ఉండగానే రెండు మూడేళ్లు ఎండనిచ్చి, ఆ తర్వాత కొట్టి నదిలో వదిలేవారు. పచ్చి కర్రతో తలుపు చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఎనిమిది అంగుళాల పలక ఆరేసరికి వెడల్పులో పావు అంగుళం దాకా తగ్గుతుంది. నాలుగు పలకల తలుపు అయితే దాదాపు అంగుళం. తలుపుకూ బంధానికీ మధ్య ఆ సందు తేలుతుంది. అప్పుడు అందరూ ‘చూశారా, పిల్ల టేకు’ అంటారు. నిజానికి తప్పు చెట్టు వయసుది కాదు, మన తొందరది. మంచి టేకులో కూడా పచ్చి కర్రతో పని చేయించుకుని చెడగొట్టుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

అందుకే మీ పాత దూలాలు అంత విలువైనవి. అవి మీ తాతల కాలం నుంచి కప్పు కింద ఆరుతూ ఉన్నాయి. అంతకన్నా ఆరిన కర్ర ఏ డిపోలోనూ దొరకదు. ముందు అవి టేకువో కావో చూడాలి. మీ వైపు పాత ఇళ్లలో టేకుతో పాటు మద్ది, వేప కూడా వాడేవారు. ఒక్కో దూలానికి ఒక చోట బాడిసెతో పైపొర తీయించండి. లోపల బంగారు గోధుమ రంగు, జిడ్డు స్పర్శ, ఆ తోలు వాసన ఉంటే టేకే. చివర కోసి చూస్తే ఏడాదికొకటి చొప్పున వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. నల్లగా చారలు ఉండి, ఎత్తడానికే బరువుగా ఉంటే మద్ది అనుకోండి. అదీ పారేయొద్దు, గేటుకో కొట్టానికో వస్తుంది.

గోడలో కూరుకున్న దూలం చివర్లు రెండూ అనుమానించండి. చెమ్మ, చెదలు చేరేది అక్కడే. సుత్తితో కొడితే బోలు శబ్దం వచ్చినంత మేర కోసి పారేయండి. మధ్య భాగం గట్టిగా ఉంటే చాలు. పాత మేకులు మాత్రం ఒక్కటి కూడా వదలకూడదు. దూలం మీద బలమైన అయస్కాంతం జరిపి చూడండి, మేకు ఉన్న చోట పట్టేస్తుంది. ఒక్క మేకు తగిలినా సామిల్లు రంపం పాడవుతుంది, పని చేసేవాడికి దెబ్బ తగలవచ్చు. అందుకే పాత కర్ర అంటే చాలా మిల్లుల వాళ్లు ‘మేం కోయం’ అంటారు. ముందే అన్నీ పీకించి, ఆ మాట చెప్పి తీసుకెళ్లండి.

పెద్ద దర్వాజకు ఎంత కర్ర కావాలంటే, ఆరంగుళాలు, నాలుగంగుళాల కోతతో, ఏడడుగుల నిలువులు రెండు, పై కమ్మీ, కింద గడప కలిపి ఇరవై రెండు అడుగుల పొడవు. అంటే ఘనపుటడుగులు మూడున్నర పైచిలుకు. దాని తలుపు రెక్కలకు ఇంకో మూడు. ఒకటి రెండు మంచి దూలాల్లోంచే ఇది వచ్చేయవచ్చు. అలా వస్తే మీ తాతగారి ఇంటి దూలం కొత్త ఇంటికి దర్వాజ అవుతుంది, మాఘ ముహూర్తం తప్పదు, మీ నాన్నగారి చెట్లకు ఆరడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ముహూర్తానికి పెద్ద దర్వాజ ఒక్కటి నిలబెడితే చాలు. లోపలి దర్వాజలకు, కిటికీలకు గోడల్లో ఖాళీ వదిలి కట్టించుకోండి. బంధాలు తర్వాత బిగించవచ్చు. నిజానికి అదే మంచిది. గోడతో పాటే బంధం నిలబెడితే నెలల తరబడి సిమెంటు నీళ్లు, వాన, ఎండ అన్నీ దాని మీదే పడతాయి.

పాత దూలాల్లో టేకు లేదని తేలితే, పెద్ద దర్వాజ ఒక్కదానికి మాత్రం ఆరిన చేవ కర్ర కొనండి. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఒడ్డు మీది చెట్లు. నలభై కొట్టొద్దు. మొదటి పది అడుగుల దుంగ నడుమ చుట్టుకొలత ముప్పై రెండు అంగుళాలు ఉంటుందనుకుందాం. కలప లెక్క ఎలా కడతారంటే, అంగుళాల్లో చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, అడుగుల్లో పొడవుతో హెచ్చించి 144తో భాగిస్తారు. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, పది అడుగులకు 640, దాన్ని 144తో భాగిస్తే సుమారు నాలుగున్నర ఘనపుటడుగులు. ఈ లెక్కలో దుంగ అసలు పరిమాణంలో ఐదో వంతు పైగా లెక్కకు రాదు. కోతలో పోయేదానికి అని వదిలేస్తారు. చెట్లు అమ్ముకునే రైతుకు ఈ సంగతి తెలిసి ఉండాలి. గుత్తగా చెట్టుకింత అని మాత్రం ఎప్పుడూ అమ్మొద్దు. ఆ నాలుగున్నర అడుగుల్లో రంపపు పొట్టు, ముక్కలు పోగా రెండున్నర అడుగుల పలకలు వచ్చాయనుకోండి. తెల్ల చెక్క పక్కన పెడితే చేవ ఒకటిన్నర నుంచి రెండు అడుగులు. మీ నాలుగు గదుల బంధాలు, తలుపులు, ఆరు కిటికీలకు నా అంచనాలో ఇరవై ఎనిమిది అడుగుల దాకా కావాలి. పదహారు, పద్దెనిమిది చెట్లు సరిపోతాయి. ముందు ఒక్కటి కొట్టి, కోసి చూసి, అప్పుడు మిగతావాటి సంఖ్య తేల్చుకోండి.

పట్టా భూమిలో సొంత చెట్టే అయినా, గొడ్డలి వేయకముందే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. నీరు, భూమి, చెట్ల కోసం చేసిన వాల్టా చట్టం ఉంది, టేకు రవాణాకు పర్మిట్ కావాలి. పట్టాదారు పాస్‌బుక్‌తో దరఖాస్తు పెడితే వాళ్లు వచ్చి చెట్లు చూసి, కొలిచి ముద్ర వేస్తారు. పర్మిట్ లేకుండా ట్రాక్టర్ రోడ్డెక్కితే సొంత టేకే కేసు అవుతుంది. ఎవరైనా ‘అదంతా మేం చూసుకుంటాం’ అన్నా సరే, కాగితం మీ పేరున మీ చేతిలో ఉండాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి రేపే మొదలుపెట్టండి.

ఆకు రాల్చిన చెట్టును చలికాలం చివర్లో కొట్టడం మంచిది. అమావాస్య రోజుల్లో కొడితే పురుగు పట్టదని పెద్దలంటారు. నేను రెండు పక్షాల్లోనూ కొట్టిన కర్ర చూశాను, నాకు తేడా కనిపించలేదు. కానీ మీ నాన్నగారు అలాగే అంటే అలాగే కానివ్వండి, నష్టం లేదు. కొట్టిన వెంటనే దుంగల రెండు చివర్లకు మందంగా పెయింటు పూయించండి. చివర్ల నుంచి నీరు త్వరగా పోయి పగుళ్లిస్తుంది, పెయింటు దాన్ని ఆపుతుంది. దుంగలను ఎండలో పడేసి ఉంచకుండా పది, పదిహేను రోజుల్లో మిల్లుకు చేర్చండి. కోతలో మీరు పట్టుబట్టాల్సింది ఒక్కటే. దుంగ నడిమధ్య మెత్తటి బెండు ఉంటుంది, అది ఏ బంధంలోనూ రాకూడదు. బెండు ఉన్న ముక్క ఆరేకొద్దీ కచ్చితంగా పగులుతుంది. కావలసిన కొలత కన్నా అన్ని వైపులా పావు అంగుళం ఎక్కువ పెట్టి కోయించండి. టేకులో సిలికా, అంటే ఇసుక లాంటి పదార్థం ఉంటుంది. రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి. మిల్లువాళ్లు కోత కూలి కాస్త ఎక్కువ అడిగితే వాదించకండి.

పలకలను కొట్టంలో నీడన పేర్చండి. నేల నుంచి అడుగు ఎత్తున దిమ్మెలు, వరసకూ వరసకూ మధ్య రెండడుగులకొకటి చొప్పున అంగుళం మందం పట్టీలు, ఆ పట్టీలన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే పలక వంగుతుంది. పైన బరువు పెట్టండి. గాలి ఆడాలి, ఎండ, వాన తగలకూడదు. ఎప్పటికి ఆరుతుందో చెప్పడానికి ఎవరి మాటా అక్కర్లేదు. బంధం మందం ఉన్న ఒక మూరెడు ముక్కను అదే వరసలో పెట్టి, పదిహేను రోజులకోసారి తూకం వేసి గోడ మీద రాయండి. తూకం తగ్గడం ఆగి రెండు మూడుసార్లు ఒకేలా వచ్చిందంటే ఆ ఊరి గాలికి అది ఆరినట్టే. వానాకాలంలో తూకం తగ్గకపోయినా, కాస్త పెరిగినా కంగారు పడకండి. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా వానలు వెళ్లాక మళ్లీ చూడండి. దగ్గర్లో తేమ మీటరు దొరికితే పన్నెండు శాతం అటూ ఇటూ చూపించాలి. నా అంచనాలో దసరా దాటాక మీ లోపలి తలుపుల పని మొదలుపెట్టవచ్చు. అప్పటికే గృహప్రవేశం అయిపోతే గదులకు పరదాలు కట్టుకోండి. కొన్ని నెలల ఇబ్బందే కదా.

కోతలో వచ్చిన తెల్ల చెక్కను పారేయకండి. బోరిక్ యాసిడ్ ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాలు కలిపి, నూరు లీటర్ల నీళ్లకు ఐదారు కిలోల లెక్కన కరిగించి, పలక పచ్చిగా ఉండగానే అందులో కొన్ని రోజులు నానబెట్టి, తర్వాత ఆరబెట్టాలి. పుప్పి పట్టదు. ఈ మందు వాన నీటికి కొట్టుకుపోతుంది కాబట్టి అలా నానబెట్టిన చెక్కను అల్మారా అరలకు, లోపలి బీరువాలకు మాత్రమే వాడండి. పిల్లలకు, పశువులకు ఆ నీళ్లు అందకుండా చూసుకోండి. స్నానాల గది బంధానికి, కిటికీల కింది కమ్మీకి మాత్రం నూటికి నూరుపాళ్లు చేవే ఉండాలి. చెమ్మ ఉన్న చోట ఒక్క అంగుళం తెల్ల చెక్క ఉన్నా మొత్తం అక్కడినుంచే పోతుంది. గోడకు ఆనుకునే వైపు, పైకి కనిపించదు కదా అని తెల్ల చెక్కను అటు తిప్పే అలవాటు కొందరికి ఉంది. దగ్గరుండి చూసుకోండి.

మీ వడ్ల ఆయనను మార్చకండి. ఆయన భయం ఏమిటంటే, రేపు తలుపు వంగితే మాట పడేది ఆయనే. చేవ ముక్కలు, తెల్ల చెక్క వేరు చేసి, ఆరబెట్టి, కొలతలకు కోసి ముందు పెడితే ఆయన అభ్యంతరాల్లో చాలావరకు తీరిపోతాయి. టేకు జిడ్డు కర్ర కాబట్టి జిగురు పూసే ముందు అతుకు ముఖాన్ని థిన్నర్‌తో తుడవమనండి, లేకపోతే అతుకు విడిపోతుంది. టేకు పొడి కొందరికి దురద, దగ్గు తెప్పిస్తుంది. ఆయనకూ, కుర్రాళ్లకూ మాస్కులు కొనివ్వండి.

మెరుగు గురించి పెద్దగా చెప్పను. బయటి దర్వాజకు మెరిసే వార్నిష్ కన్నా అవిసె నూనె ఏడాదికోసారి పట్టించడం తేలిక, పొరలు ఊడే బాధ ఉండదు. కొత్త టేకు మొదట ఎగుడుదిగుడు రంగుల్లో కనిపిస్తే దిగులు పడకండి. వెలుతురు తగిలేకొద్దీ కొన్ని నెలల్లో అంతా ఒక రంగుకు వస్తుంది.

చివరిగా మీ నాన్నగారికి ఈ సంగతి మీరే చెప్పండి. కొట్టే ప్రతి చెట్టునూ నేలకు వీలైనంత దగ్గరగా, నున్నగా, కాస్త వాలుగా కోయించమనండి, మొదలు మీద నీళ్లు నిలవకుండా. వేళ్లు పీకించొద్దు. టేకు మొదలు చావదు. తొలకరికి చుట్టూ పిలకలు లేస్తాయి. ఒక ఏడాది ఆగి, వాటిలో నేలకు దగ్గరగా పుట్టిన గట్టి పిలక ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయాలి. పాత వేళ్ల బలంతో అది మొక్క కన్నా చాలా వేగంగా లేస్తుంది. ఏ పిలక ఉంచాలో ఆయన చూసుకుంటారు.